బాధ ఉన్న బొమ్మ ఇంట్లో పెట్టుకోవచ్చా?

హాల్లో గోడకు ఓ బొమ్మ తగిలించాలనుకోండి. ఏది కొంటాం? పూలకుండీ, జలపాతం, బోసినవ్వుల పాపాయి, వెన్న తింటున్న కృష్ణుడు... ఇలాంటివే కదూ! కురుక్షేత్ర యుద్ధం బొమ్మ తెస్తే మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు అడ్డుపడతారు. "కొట్లాటలూ ఏడుపులూ ఉన్న బొమ్మలు ఇంట్లో ఉండకూడదమ్మా, గొడవలొస్తాయి" అంటారు. నరసింహస్వామి పటమైనా సరే, లక్ష్మీదేవిని ఒళ్లో కూర్చోబెట్టుకున్న శాంతమూర్తినే పెట్టుకుంటాం. ఉగ్రమూర్తిని పెట్టుకోవాలంటే జంకుతాం.

మరి ద్రోహం, భయం, అర్ధరాత్రి అరెస్టు... ఇవన్నీ ఒక్క బొమ్మలోనే ఉంటే? దాన్ని తీసుకెళ్లి సరిగ్గా భోజనాల గదిలోనే తగిలిస్తే?

ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో అలాంటి చిత్రం ఒకటి ఉండేది. లీసన్ స్ట్రీట్‌లో జెస్యూట్ ఫాదర్లు ఉండే ఇంట్లో, వాళ్లు అన్నం తినే గదిలో. మన విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీని నడుపుతున్నారే, ఆ సభవాళ్లే వీళ్లూ. రోజూ దాన్ని చూస్తూ భోంచేసినా, అది ప్రపంచమంతా వెతుకుతున్న చిత్రమని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు!

నేను కొన్నేళ్లుగా డబ్లిన్‌లోనే ఉంటున్నాను. ఆ చిత్రం నకలు మా ఇంట్లోనూ ఉంది. దాని గురించి మా అత్తయ్యగారికీ నాకూ నడిచిన వాదన వల్లే ఇదంతా రాయాలనిపించింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ చిత్రం కథ వినండి. అందులో కళ ఎంత ఉందో, ఆడవాళ్ల పాత్రా అంతే ఉంది.

ఏడుగురు మనుషులు, ఒక లాంతరు

చిత్రం పేరు 'క్రీస్తును బంధించుట'. గీసింది ఇటలీ చిత్రకారుడు కరవజ్జో, 1602లో. అప్పటికి ఆయనకు ముప్ఫై, ముప్ఫై ఒకటి ఉంటాయంతే. యేసు శిష్యుల్లో ఒకడైన యూదా ముప్ఫై వెండి నాణేలకు ఆశపడి గురువును పట్టిచ్చిన కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గెత్సేమనే తోటలో, రాత్రివేళ, "నేనెవరికి ముద్దు పెడతానో ఆయనే" అని సైనికులకు గుర్తు చెప్పి మరీ పట్టించాడు. ఆ ముద్దు పెట్టిన క్షణమే ఈ చిత్రం.

తోటా, చెట్లూ, ఆకాశం ఏవీ ఉండవు. వెనకంతా నల్లని చీకటి. ఏడుగురు మనుషులు ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు ముందుకు తోసుకొచ్చి ఉంటారు. నడుం పైభాగమే కనిపిస్తుంది కాబట్టి మనమూ ఆ తోపులాటలో ఇరుక్కున్నట్టే ఉంటుంది. యూదా చెయ్యి గురువు భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. ఇనుప కవచం తొడుక్కున్న సైనికుడి చెయ్యి చిత్రం మధ్యలో తళతళా మెరుస్తోంది. ఎడమ చివర ఒకడు కేకపెడుతూ పారిపోతున్నాడు. అతను శిష్యుడైన యోహాను అంటారు పండితులు. అతని ఎర్రటి వస్త్రం వెనక్కి ఎగిరి గురుశిష్యుల తలల మీద గొడుగులా పరుచుకుంది. కుడివైపు ఒకాయన లాంతరు ఎత్తి పట్టుకుని తొంగిచూస్తున్నాడు. ఆ ముఖం కరవజ్జోదేనట! తన బొమ్మలో తానే సాక్షిగా నిలబడ్డాడన్నమాట.

ఇంత గందరగోళంలో కదలకుండా ఉన్నవి యేసు చేతులు మాత్రమే. వేళ్లు వేళ్లలో పెనవేసి, కిందికి దించుకుని ఉంటాయి. తోసెయ్యవు, అడ్డుకోవు. నుదుటి మీద ముడతల్లో బాధంతా కనిపిస్తుంది. కళ్లు కిందికి వాలిపోయి ఉంటాయి. నమ్మినవాడే మోసం చేశాడని తెలిసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో చూడాలంటే ఇదే చూడాలి.

ఇళ్ల కోసమే గీయించుకున్నారు

1600 ప్రాంతంలో రోమ్‌లో మొదలై యూరప్ అంతా పాకిన ఇలాంటి శైలినే బరోక్ అంటారు. అంతకుముందు 1545 నుంచి 1563 దాకా ట్రెంట్ నగరంలో క్యాథలిక్ పెద్దలు సమావేశాలు జరిపారు. చదువురాని భక్తుడికి కూడా అర్థమయ్యేలా, మనసు కదిలేలా మతచిత్రాలు ఉండాలన్నది అక్కడ గట్టిగా వినిపించిన మాట. చిత్రకారులు దాన్ని తమ పద్ధతిలో పట్టుకున్నారు. వెలుగునీడల మధ్య తేడా పెంచారు. కథలో అత్యంత ఉద్వేగమైన క్షణాన్నే ఎంచుకున్నారు. కరవజ్జో అయితే వీధిలో కనిపించే మామూలు మనుషుల ముఖాలనే అపొస్తలులకు పెట్టాడు.

ఇలాంటి చిత్రాలన్నీ చర్చీల కోసమే గీశారనుకుంటాం. కానీ ఇది ఇంటి కోసం గీసింది! రోమ్‌లో చిరియాకో మత్తేయి అనే ధనవంతుడు తన భవనంలో పెట్టుకోవడానికి గీయించుకున్నాడు. 1603 జనవరి 2న కరవజ్జోకు 125 స్కూడీలు చెల్లించినట్టు ఆయన లెక్కల పుస్తకంలో ఉంది. అప్పట్లో కరవజ్జో ఉండేది కూడా మత్తేయిల ఇంట్లోనే. 'ఎమ్మావులో భోజనం' అనే మరో ప్రసిద్ధ చిత్రమూ ఈయన కోసం వేసిందే. చిరియాకో తమ్ముడు అస్‌ద్రూబలే 1626లో అరెస్టు చిత్రానికి నకలు కూడా రాయించుకున్నాడు. ఇంట్లో నకలు పెట్టుకోవడం మనం కనిపెట్టిన పద్ధతేమీ కాదు!

ఏ గదిలో ఏ బొమ్మ ఉండాలన్న పట్టింపు వాళ్లకూ ఉండేది. జూలియో మాన్చీని అనే వైద్యుడు 1620 ప్రాంతంలో దీని గురించి ఏకంగా రాసిపెట్టాడు. దేవుడి చిత్రాలు పడకగది లాంటి లోపలి గదుల్లో ఉండాలనీ, ప్రకృతి దృశ్యాల వంటివి అందరూ తిరిగే చోట పెట్టవచ్చనీ ఆయన సలహా. కరవజ్జో చిత్రాలు ఎన్నో కొన్న విన్‌చెన్జో జుస్తినియాని ఇంట్లో మరో ఏర్పాటు ఉండేది. ఆయన దగ్గరున్న మన్మథుడి చిత్రానికి ముదురు ఆకుపచ్చ పట్టు తెర కట్టించారు. దాన్ని చూశాక మిగతావేవీ కంటికి ఆనవని, అన్నీ చూపించాక ఆఖరున తెర తీసేవారట.

ఆ తెర సంగతి గుర్తుపెట్టుకోండి. మన ఇళ్లకూ అందులో ఒక కిటుకుంది.

మేరీ చేతికి ఎలా వచ్చింది?

తరాలు మారాక మత్తేయి కుటుంబానికి తమ గోడ మీదున్నది ఎవరి చిత్రమో గుర్తులేకుండా పోయింది. హోంత్‌హోర్స్ట్ అనే డచ్చి చిత్రకారుడిదని రాసుకున్నారు. 1802లో స్కాట్లాండుకు చెందిన హామిల్టన్ నిస్బెట్ ఆ పేరుతోనే కొని తన ఊరు తీసుకుపోయాడు. 1921లో ఎడిన్‌బరోలో వేలం వేశారు. ఆ తర్వాత అది మేరీ లీ-విల్సన్ అనే ఐరిష్ మహిళ చేతికొచ్చింది.

మేరీ భర్త పెర్సివల్ లీ-విల్సన్ పోలీసు అధికారి. ఐర్లండు అప్పుడు బ్రిటిష్ పాలన కింద ఉంది. 1916 తిరుగుబాటులో పట్టుబడిన ఐరిష్ నాయకులను ఆయన అవమానించాడన్న ఆరోపణ ఉంది. 1920 జూన్ 15 పొద్దున, గోరీ పట్టణంలో, స్టేషన్ నుంచి ఇంటికి నడిచి వస్తుంటే తిరుగుబాటుదారులు కాల్చి చంపేశారు. ఆయన తప్పొప్పుల లెక్క చరిత్రకారులు చూసుకుంటారు. ఇంట్లో ఎదురుచూస్తున్న భార్యకు మాత్రం ఆ రోజుతో ఒక జీవితం అయిపోయింది. అప్పటికి ఆవిడ వయసు ముప్ఫై పైచిలుకు.

తర్వాత ఆవిడేం చేసిందో చూడండి. భర్త గుర్తుగా గోరీలోని క్రైస్ట్ చర్చిలో రంగుటద్దాల కిటికీ పెట్టించింది. దాన్ని చేసింది ఐర్లండులో పేరుమోసిన హ్యారీ క్లార్క్. అందులో ఉన్నది రాళ్లతో కొట్టి చంపిన సెయింట్ స్టీఫెన్. ఇంటికి కొనుక్కున్నది ఈ అరెస్టు చిత్రం. రెండింటిలోనూ హింస ఉంది. రెండింటిలోనూ దాన్ని మౌనంగా భరించిన మనిషీ ఉన్నాడు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. ట్రినిటీ కాలేజీలో వైద్యవిద్యలో చేరింది. 1928లో పట్టా తీసుకునేసరికి నలభై ఏళ్లు వచ్చేశాయి. పిల్లల డాక్టరై డబ్లిన్ హార్కోర్ట్ స్ట్రీట్‌లోని పిల్లల ఆసుపత్రిలో ఎన్నో ఏళ్లు పనిచేసింది. 1971లో కన్నుమూసింది.

కష్టకాలంలో తనకు ఓదార్పుగా నిలిచిన జెస్యూట్ ఫాదర్ థామస్ ఫిన్లే మీద కృతజ్ఞతతో, 1930లలో ఈ చిత్రాన్ని లీసన్ స్ట్రీట్ ఇంటికి కానుకగా ఇచ్చేసింది. తానిచ్చింది ఎంత విలువైనదో ఆవిడకు చివరిదాకా తెలియదు. పుచ్చుకున్నవాళ్లకూ తెలియదు.

ఆచూకీ తీసిన ఇద్దరమ్మాయిలు

1989లో రోమ్ విశ్వవిద్యాలయం విద్యార్థినులు ఇద్దరు, ఫ్రాంచెస్కా కప్పెల్లెట్టి, లారా తెస్తా, కరవజ్జో గీసిన మరో చిత్రం గురించి పరిశోధన చేస్తూ రికనాటి అనే చిన్న ఊరికి వెళ్లారు. మత్తేయి వంశపు వారసురాలి ఇంట్లో, నేలమాళిగలో పాత దస్తావేజులు పడి ఉన్నాయి. వాటి దుమ్ము దులిపి చదివితే చిరియాకో జమాఖర్చుల పుస్తకాలు దొరికాయి. 125 స్కూడీల సంగతి బయటపడింది అప్పుడే. హోంత్‌హోర్స్ట్ పేరుతో స్కాట్లాండు వెళ్లిపోయిన చిత్రమే కరవజ్జోదని అర్థమైంది. కానీ 1921 వేలం తర్వాత దాని జాడ తెలియలేదు.

మరుసటి ఏడాది, 1990లో, ఇక్కడ డబ్లిన్‌లో ఫాదర్ నోయెల్ బార్బర్ తమ ఇంట్లోని పాత చిత్రాలను ఒకసారి చూసిపొమ్మని నేషనల్ గ్యాలరీని అడిగారు. వచ్చినాయన సెర్జియో బెనెడెట్టి. ఇటలీవాడు, చిత్రాలను బాగుచేయడంలో నిపుణుడు. భోజనాల గదిలోకి వచ్చి, దుమ్ము పట్టి, వార్నిష్ పచ్చబడిన ఆ చిత్రం ముందు ఆగిపోయాడు. అనుమానం తగిలినా నోరు మెదపలేదు. గ్యాలరీకి తెప్పించి శుభ్రం చేస్తూ, ఇటలీ దస్తావేజులతో సరిపోల్చుకుంటూ మూడేళ్లు గడిపాడు. 1993 నవంబరులో లోకానికి చూపించారు.

ఫాదర్లు దాన్ని అమ్ముకోలేదు. గడువు పెట్టకుండా గ్యాలరీకి అరువిచ్చారు. ఇప్పటికీ అక్కడే ఉంది. పక్కన పెట్టిన వివరాల్లో డాక్టర్ మేరీ లీ-విల్సన్ పేరూ ఉంటుంది. ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకరైన కప్పెల్లెట్టి 2020లో రోమ్‌లోని ప్రఖ్యాత బోర్గేజె గ్యాలరీకి డైరెక్టరయ్యారు.

మా ఇంట్లో వాదన

ఇక మా ఇంటి సంగతి. మూడడుగుల వెడల్పున్న నకలు తెచ్చి భోజనాల బల్ల ఎదురుగా గోడకు పెట్టాం. అది తెచ్చిన కొన్నాళ్లకు మా అత్తయ్యగారు మూడు నెలల వీసా మీద వచ్చారు. మామయ్యగారి సంవత్సరీకాలు అప్పుడే అయ్యాయి. మనిషి సగమైపోయారు. మొదటి రోజు కంచం ముందు కూర్చుని తలెత్తారు.

"ఇదేమిటమ్మాయ్! అన్నం తినే చోట ఈ సిపాయిలూ, ఈ పట్టుకుపోవడాలూ? శుభమా అని ఏ వెంకటేశ్వరస్వామినో పెట్టుకోకూడదూ?"

"స్వామి దేవుడి గూట్లో ఉన్నారు కదా అత్తయ్యగారూ. ఇది మాకు నచ్చి తెచ్చుకున్న బొమ్మ" అన్నాను. మావారు "తీసేద్దాంలే అమ్మా" అన్నారు. ఆవిడ "నాకోసం మీ ఇల్లు మార్చుకోకండి" అని కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నారు. వారం రోజులు అలాగే తిన్నారు.

నాకూ అనుమానం వచ్చింది. ఇల్లంటే మనసుకు హాయి ఉండాలి కదా, ఈ బరువు అవసరమా అని. కానీ ఈ ఊళ్లో పాతకాలపు ఇళ్లకు వెళ్లి చూడండి. వంటగదిలో యేసు తిరుహృదయం పటం, దాని కింద చిన్న ఎర్ర దీపం. ఆ హృదయం చుట్టూ ముళ్లుంటాయి. దాని ముందే రొట్టెలు కాల్చుకున్నారు, పిల్లల్ని పెంచుకున్నారు. బాధను ఇంటి బయటే ఉంచాలని వాళ్లు అనుకోలేదు.

ఒక ఆదివారం వాన పడుతుంటే అత్తయ్యగారిని నేషనల్ గ్యాలరీకి తీసుకెళ్లాను. అక్కడున్న చిత్రాలు చూడ్డానికి టిక్కెట్టు లేదు. అసలు చిత్రం ముందు కూర్చోబెట్టి మేరీ కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదావిడ. తర్వాత అడిగారు.

"ఆయన పోయాక చదువుకుందా? నలభై ఏళ్లకు డాక్టరయిందా?"

"అవునండీ. పిల్లల డాక్టరు."

"ఎవరెవరి పిల్లలనో బతికించుకుందన్నమాట" అన్నారు. మళ్లీ కాసేపు చూసి, "మీ మామయ్య పోయాక వచ్చినవాళ్లందరూ ధైర్యంగా ఉండు, మర్చిపో అన్నవాళ్లే. ఈ బొమ్మ మర్చిపొమ్మనడం లేదు" అన్నారు.

ఇంటికొచ్చాక తీర్పు చెప్పారు. "తీసెయ్యొద్దు. కానీ తినేచోట వద్దు. పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ తినాలి. మెట్ల మలుపు దగ్గర పెట్టు. కావాలనుకున్నవాళ్లు ఆగి చూస్తారు, లేనివాళ్లు దాటిపోతారు."

జుస్తినియాని ఇంట్లో పట్టు తెర చేసిన పనే మా మెట్ల మలుపు చేసింది! బాధ ఉన్న బొమ్మ ఇంట్లో ఉండటంలో తప్పులేదు. అయితే అది మనం కావాలనుకున్నప్పుడు వెళ్లి పలకరించే చోట ఉండాలి. తప్పించుకోలేని చోట పెడితే ఎంత గొప్ప బొమ్మయినా ఇంట్లో ఒకరికి శిక్షే.

మీరూ పెట్టుకోవాలనుకుంటే...

- మరీ చిన్న నకలు కొనకండి. అసలు చిత్రం 133.5 సెంటీమీటర్ల ఎత్తు, 169.5 సెంటీమీటర్ల వెడల్పు. అంటే సుమారు నాలుగున్నర అడుగులకు అయిదున్నర అడుగులు. దాన్ని పుస్తకమంత చేస్తే చీకటంతా కలిసిపోయి నల్లమచ్చలా కనిపిస్తుంది. కనీసం రెండున్నర, మూడడుగుల వెడల్పు ఉండాలి.

- నల్లని చిత్రానికి మామూలు అద్దం బిగిస్తే బొమ్మ బదులు మన ముఖమే కనిపిస్తుంది! మెరవని అద్దం వేయించండి. లేదా గుడ్డ మీద అచ్చు వేసినది తీసుకోండి. దానికి అద్దం అక్కర్లేదు.

- చిత్రంలో వెలుగు ఎటునుంచి పడుతోందో గమనించండి. ఇందులో లాంతరు ఉన్నా అసలు వెలుగు పైన ఎడమవైపు నుంచే వస్తుంది. మీ దీపం కూడా అటువైపే ఉండేలా చూసుకుంటే బొమ్మకు ప్రాణం వస్తుంది. పసుపు వెలుగు ఇచ్చే చిన్న బల్బు చాలు. ట్యూబులైటు కింద ఇలాంటివి వెలవెలబోతాయి.

- చిత్రం మధ్యభాగం నేల నుంచి దాదాపు అయిదడుగుల ఎత్తులో ఉండాలి. చుట్టూ క్యాలెండర్లూ, పెళ్లి ఫొటోలూ గుచ్చెత్తకండి. ఇలాంటి బొమ్మకు ఒక గోడ పూర్తిగా వదిలేయాలి.

- పక్కగోడలకు తెల్లసున్నం కంటే ఇటుక రంగు, ముదురు ఆకుపచ్చ, బూడిద రంగు బాగా నప్పుతాయి. తెల్లగోడ మీద నల్లబొమ్మ కిటికీ కన్నంలా కనిపిస్తుంది.

- ఎండ నేరుగా పడే గోడ, పొయ్యి దగ్గర గోడ, వానకు చెమ్మ దిగే గోడ పనికిరావు. మన కోస్తా ఊళ్లలో ఉక్కపోతకు కాగితం ఉబ్బిపోతుంది. పటానికీ గోడకూ మధ్య కాస్త గాలి ఆడేలా వెనక చిన్న బెండు ముక్కలు అంటించండి.

- మీ దగ్గర ఉన్నది నకలు కాక పాతకాలపు తైలవర్ణ చిత్రమైతే తడిగుడ్డ పెట్టి తుడవకండి. మెత్తని పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి, అంతే. రంగు లేస్తున్నట్టు కనిపిస్తే నిపుణులకే చూపించండి.

- ఇంట్లో చిన్నపిల్లలుంటే బొమ్మ పెట్టే రోజునే దాని కథ చెప్పెయ్యండి. కథ తెలియని చీకటి బొమ్మకే భయపడతారు. తెలిశాక "లాంతరు మామయ్య ఎవరు?" అని వాళ్లే అడుగుతారు.

- అన్నిటికంటే ముఖ్యం... ఇంట్లో అందరినీ అడిగి పెట్టండి. ముఖ్యంగా ఈమధ్యనే కష్టం చూసినవాళ్లను. వద్దంటే ఎందుకు వద్దంటున్నారో వినండి. గోడ మారిస్తే సరిపోతుందేమో చూడండి. కాదంటే కొన్నాళ్లు చుట్టి అటకెక్కించండి. నాలుగు వందల ఏళ్లు ఓపికపట్టిన బొమ్మ, మరో ఏడాది ఆగలేదా!